ట్రావెల్ ట్రైలర్ నుంచి ఫిఫ్త్ వీల్‌కు మారడం మంచిదేనా?

ప్రశ్న (కర్నూలు): టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి తన ట్రావెల్ ట్రైలర్‌ను (బండి వెనుక కొక్కేనికి తగిలించి లాగే చక్రాల ఇల్లు) అమ్మి, ముందుభాగాన్ని పికప్ వెనుక తొట్టిలో బిగించే ఫిఫ్త్ వీల్ రకం చక్రాల ఇల్లు కొనాలనుకుంటున్నాడు. మేము వెళ్ళినప్పుడు అందులోనే ప్రయాణిస్తాము. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయి. పెట్టే ఖర్చుకు తగిన ఉపయోగం ఉంటుందా?

జవాబు (అనంతపురం): అయ్యా, 44వ నంబరు జాతీయ రహదారిపై మన ఊళ్ళ మీదుగా వెళ్ళే కంటైనర్ లారీలను గమనించండి. ట్రైలర్ ముందుభాగపు బరువు లాగే బండి వెనుక ఇరుసుపై పడుతుంది కాబట్టి, ఈదురుగాలి వీచినా, పక్కనుంచి పెద్ద వాహనం దాటినా ఊగడం తక్కువ. ఫిఫ్త్ వీల్‌దీ అదే పద్ధతి. ఈ ఒక్క గుణం కోసమే నేను దాని వైపు మొగ్గుతాను.

జవాబు (కడప): స్థిరత్వం నిజమే, కానీ ముందు పికప్ సంగతి చూడాలి. ట్రావెల్ ట్రైలర్ బరువులో సుమారు 10 నుంచి 15 శాతం బండిపై పడితే, ఫిఫ్త్ వీల్‌లో అది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 12,000 పౌండ్ల ట్రైలరైతే, 20 శాతం చొప్పున 2,400 పౌండ్లు. మనుషులు, సామాను, హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే అమరిక) దానికి అదనం. బండి ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉంటుంది. అర టన్ను తరగతి అనే తేలికపాటి పికప్‌లు చాలావరకు ఇంత బరువుకు చాలవు. బండి కూడా మార్చవలసి వస్తే నేనైతే వద్దంటాను. పైగా చాలా ఫిఫ్త్ వీల్స్‌లో పడకగది మెట్ల పైన ఉంటుంది, అమ్మగారు రాత్రివేళ ఎక్కి దిగవలసిందే.

ప్రశ్న అడిగినవారు: మెట్ల సంగతి మాకు తట్టలేదు, కృతజ్ఞతలు. ఆ చీటీ ఫొటో పంపమని అబ్బాయికి ఇప్పుడే చెప్పాను.