లోపల చిప్పు ఒకటే అయితే ఇంక సిద్ధాంతాల తేడా ఎక్కడ?

పాతకార్ట్రిడ్జ్:

గేమ్ కన్సోళ్ల గురించి నిన్న ఒక స్నేహితుడితో గంటసేపు వాదించి తేల్చుకోలేక ఇక్కడికొచ్చాను. సోనీది ఒక ఆలోచన, మైక్రోసాఫ్ట్‌ది ఇంకో ఆలోచన, నింటెండోది అసలు వేరే లోకం అని అతని మాట. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు కాదంటాను నేను.

సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 2020 నవంబర్‌లో రెండు రోజుల తేడాతో వచ్చాయి. మూత తీసి చూడండి. రెండింట్లోనూ ఏఎమ్‌డీ వాళ్ల జెన్ 2 ప్రాసెసర్, ఎనిమిది కోర్లు. గ్రాఫిక్స్ కూడా అదే కంపెనీది, అదే ఆర్‌డీఎన్‌ఏ 2 తరానిది. మెమరీ అటు 16 జీబీ, ఇటు 16 జీబీ. హార్డ్ డిస్కు పోయి, దానికంటే చాలా వేగంగా డేటా అందించే ఎస్ఎస్‌డీ రావడమూ రెండింట్లో ఒకేసారి. ఒకటి నల్ల డబ్బా, ఇంకోటి తెల్ల కాలర్ పైకి లేపుకుని నిలబడింది. కంటికి కనిపించే తేడా అదే.

పాత రోజులు అలా కాదు. సెగా శాటర్న్‌లో రెండు ప్రాసెసర్లు పక్కపక్కన పెట్టారు. పీఎస్2కి ఎమోషన్ ఇంజిన్ అని సొంత చిప్పు. పీఎస్3కి సెల్. ఒక్కో మెషిన్‌ది ఒక్కో భాష. నింటెండో స్విచ్ అంటారా? అందులోని టెగ్రా ఎక్స్1 చిప్పు అంతకు రెండేళ్ల ముందే ఎన్‌విడియా షీల్డ్ టీవీ బాక్సులో వచ్చేసింది. అంటే వాళ్లూ రెడీమేడ్ సరుకే తెచ్చుకున్నారు.

సిద్ధాంతాలు పోయాయి, ప్రకటనలు మిగిలాయి. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

లోడింగ్‌స్క్రీన్:

ఒకే బట్టీ ఇటుకలతో గుడీ కట్టొచ్చు, గోడౌనూ కట్టొచ్చండీ. మీరు ఇటుకలు లెక్కపెట్టి ఆగిపోయారు.

సిరీస్ ఎక్స్‌లో గ్రాఫిక్స్ యూనిట్లు 52, వాటి వేగం 1.825 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటుంది. పీఎస్5లో యూనిట్లు 36 మాత్రమే, కానీ వేగం 2.23 దాకా వెళ్తుంది, అవసరాన్ని బట్టి తగ్గుతుంది కూడా. ఎక్స్‌బాక్స్ వాళ్లు వేగాన్ని కట్టేసి, కరెంటు వాడకాన్ని ఆటకు తగ్గట్టు పెరగనిచ్చారు. సోనీ వాళ్లు కరెంటుకు ఒక హద్దు పెట్టి, వేగాన్ని ఆ హద్దులో సర్దుకోమన్నారు. సరుకు ఒకటే, నిర్ణయాలు మాత్రం తలకిందులు.

ఎస్ఎస్‌డీ సంగతి చూడండి. సిరీస్ ఎక్స్‌ది సెకనుకు 2.4 జీబీ, పీఎస్5ది 5.5 జీబీ. రెట్టింపు కంటే ఎక్కువ. 2020 మార్చిలో, సోనీకి ఆ మెషిన్‌ని రూపొందించిన మార్క్ సెర్నీ పీఎస్5 గురించి చెప్పిన ప్రసంగంలో ముందు ఎస్ఎస్‌డీ గురించే బోలెడంత మాట్లాడి, ఆ తర్వాతే గ్రాఫిక్స్‌కి వచ్చారు. టెరాఫ్లాప్‌ల (గ్రాఫిక్స్ లెక్కల బలాన్ని చెప్పే అంకె) కోసం చూస్తున్న జనం విసుక్కున్నారు (నేనూ విసుక్కున్నాను, దాచడమెందుకు). ఆటల్లో ఆ సన్నటి గుహల్లో పక్కకు తిరిగి దూరడాలు, లిఫ్టులో నిలబడి కబుర్లు చెప్పుకోవడాలు చాలాసార్లు కథ కోసం కాదు, వెనకాల డేటా లోడ్ కావడానికి. ఆ ఇబ్బందిని తీసేస్తే ఆట తయారుచేసేవాడి చేతులు విడిపోతాయని ఆయన లెక్క. టెరాఫ్లాప్‌ల్లో సిరీస్ ఎక్స్ 12 ముందు తమ 10.28 చిన్నగా కనిపిస్తుందని తెలిసి కూడా అటే వెళ్లారు.

పాతకార్ట్రిడ్జ్:

సరే, తర్వాత ఏమైంది? ఆ ఎస్ఎస్‌డీ లేకపోతే కుదరదన్నట్టు చూపించిన రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్ 2023లో పీసీకి వచ్చి మామూలు ఎస్ఎస్‌డీల మీద కూడా నడిచింది. ఇక సిద్ధాంతం ఏ గుహలో దూరింది?

మూడోచెయ్యి:

పేరు చూసి నేనెవరి తరఫునో మీకు తెలిసిపోయే ఉంటుంది. నింటెండో 64 కంట్రోలర్ పట్టుకోవడానికి నిజంగానే మూడో చెయ్యి కావాల్సొచ్చేది.

పాతకార్ట్రిడ్జ్ గారు "రెడీమేడ్ సరుకు" అని ఎత్తిపొడిచారు. నింటెండో సిద్ధాంతమే అది కదండీ! గున్‌పే యోకోయ్ అని వాళ్ల దగ్గర ఒక ఇంజినీరు ఉండేవారు. వాడి వాడి పాతబడి, చవకై, గుట్టంతా తెలిసిపోయిన టెక్నాలజీని ఎవరూ ఊహించని పనికి వాడాలి అన్నది ఆయన పద్ధతి. 1980లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ అండ్ వాచ్ అలాగే పుట్టింది. క్యాలిక్యులేటర్ల ఎల్‌సీడీలు అప్పటికి చవకైపోయాయి, వాటితో ఆటలు చేశారు. 1989లో గేమ్ బాయ్ వచ్చింది. రంగుల్లేవు, వెనక లైటు లేదు, పచ్చటి పాకుడు నీళ్లలో చూసినట్టుండేది తెర. ఆ మరుసటి ఏడాదే సెగా గేమ్ గేర్ రంగులతో, లైటుతో దిగింది. పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ పరువు పోయేది. కానీ గేమ్ గేర్ ఆరు బ్యాటరీలు మింగి నాలుగైదు గంటల్లో చేతులెత్తేసేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి ఆడేది. చివరికి గేమ్ గేర్ కోటి దాటి ఆగింది. గేమ్ బాయ్, దాని కలర్ తమ్ముడితో కలిపి 11.8 కోట్ల పైన అమ్ముడుపోయింది.

2006లో వచ్చిన నింటెండో కన్సోల్ వీ (Wii) కూడా అంతే. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 హెచ్‌డీ అంటుంటే ఇది నింటెండో ముందటి కన్సోల్ గేమ్‌క్యూబ్ చిప్పుల వంశంలోదాన్నే కొంచెం వేగం పెంచి పెట్టుకుంది. డబ్బూ ఆలోచనా అంతా చేతిలో ఊపే రిమోట్ మీద పెట్టింది. పది కోట్లు దాటింది. కాబట్టి "పాత చిప్పు వాడారు, సిద్ధాంతం లేదు" అనడం, "చేపకు కాళ్లు లేవు కాబట్టి దానికి కదలడం రాదు" అన్నట్టుంది.

టెరాఫ్లాప్_తాత:

చేప సంగతి బాగుంది గానీ, నెగ్గినవాటినే ఏరుకుని సిద్ధాంతం అంటున్నారు. అదే మొండితనం 1996లో ఏం చేసింది? లోకమంతా సీడీ వైపు వెళ్తుంటే నింటెండో 64ని కార్ట్రిడ్జ్‌తోనే (ఆటను చిప్పులో నింపి మెషిన్‌లో గుచ్చే డబ్బీ) దించారు. అతి పెద్ద కార్ట్రిడ్జ్ 64 ఎంబీ, సీడీలో 650. ఫైనల్ ఫాంటసీ 7 ప్లేస్టేషన్‌కి వెళ్లిపోయి 1997లో మూడు సీడీల్లో వచ్చింది. అప్పటిదాకా ఆ సిరీస్ ప్రధాన ఆటలన్నీ నింటెండో మెషిన్ల మీద పుట్టినవే. 1995 నాటి వర్చువల్ బాయ్ మీ యోకోయ్ గారిదే, ఎర్ర గీతల బొమ్మలతో మెడ నొప్పి తెప్పించింది. గెలిస్తే సిద్ధాంతం, ఓడితే ఎవరూ ఆ పేరెత్తరు.

మూడోచెయ్యి:

వర్చువల్ బాయ్ గురించి మాట్లాడకూడదని మా ఇంటి నియమం.

కార్ట్రిడ్జ్ విషయంలో మాత్రం ఒక మాట. లోడింగ్ కోసం ఆగక్కర్లేదు అన్నది వాళ్ల వాదన. పైన లోడింగ్‌స్క్రీన్ గారు పీఎస్5ని పొగిడింది కూడా అందుకే కదా? పాతికేళ్లు తొందరపడ్డారంతే.

అర్ధరాత్రి_బిల్డ్:

నేను ఆటలను ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి మార్చే పనిలో చాలాకాలం ఉన్నాను. బయటి నుంచి చూసేవాళ్లకు ఈ గొడవ ఎలా కనిపిస్తుందో గానీ, కోడ్ రాసేవాడికి సిద్ధాంతం అంటే ఒళ్లు నొప్పి.

పీఎస్3 సెల్ చిప్పులో ఒక మామూలు కోరు, దాని చుట్టూ ఎస్‌పీఈలనే చిన్న కోర్లు. ఆటలకు దక్కేవి ఆరు. ఒక్కోదానికి సొంత మెమరీ 256 కేబీ. ప్రధాన మెమరీని అవి నేరుగా చదవలేవు. కావాల్సిన ముక్కను మనమే తెచ్చి పెట్టాలి, పనయ్యాక మనమే తీసుకెళ్లాలి, ఇది నడుస్తుండగానే తర్వాతి ముక్కను దారిలో ఉంచాలి. సరిగ్గా చేస్తే పరుగే పరుగు. తప్పితే ఆ ఆరూ చేతులు కట్టుకుని కూర్చుంటాయి. "పవర్ ఇస్తున్నాం, కష్టపడి పిండుకోండి" అనేది ప్లేస్టేషన్‌ని పుట్టించిన కెన్ కుతరాగి కాలం నాటి సోనీ. పక్కన ఎక్స్‌బాక్స్ 360లో ఒకే రకం కోర్లు మూడు, మెమరీ అంతా ఒకటే కుప్ప. చాలా బృందాలు ముందు దాని మీద చేసి, తర్వాత పీఎస్3కి మార్చుకుంటూ ఏడ్చాయి. ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

పీఎస్4కి సెర్నీ వచ్చి కొలబద్దే మార్చేశారు. కొత్త మెషిన్ మీద తెర పైకి మొదటి త్రికోణం తెప్పించి పని మొదలుపెట్టడానికి ఎంతకాలం పడుతుంది అని లెక్కేశారు. ఆయన చెప్పిన ప్రకారం పీఎస్1కి ఒకటి రెండు నెలలు, పీఎస్2కి మూడు నుంచి ఆరు, పీఎస్3కి ఆరు నుంచి పన్నెండు, పీఎస్4కి మళ్లీ ఒకటి రెండు.

అంటే మీరు సోనీ సిద్ధాంతం అని ఒకే వస్తువులా మాట్లాడుతున్నారే, అది మధ్యలో మనిషి మారగానే అడ్డంగా తిరిగింది. కంపెనీకి సిద్ధాంతం ఉండదు, ఆ తరం మెషిన్‌కి బాధ్యుడైన మనిషికి ఉంటుంది.

పాతకార్ట్రిడ్జ్:

ఇదే, ఇదే నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది. ఎక్స్‌బాక్స్ వన్ ఉంది కదా, 2013లో కినెక్ట్ కెమెరా లేనిదే పెట్టె అమ్మమన్నారు. అందుకే 499 డాలర్లు, పీఎస్4 399. మరుసటి జూన్‌కల్లా కినెక్ట్ లేని పెట్టె బయటికొచ్చింది. ఏడు నెలల్లో వదిలేసేదాన్ని సిద్ధాంతం అంటారా?

లోడింగ్‌స్క్రీన్:

వదిలేసింది కినెక్ట్‌ని. కంట్రోలర్‌లోనే తెర పెట్టిన వీ యూ కేవలం 1.35 కోట్ల దగ్గర చతికిలపడినప్పుడు నింటెండో కూడా ఆ పెట్టెను వదిలేసింది, కానీ చేతిలో తెర అన్న ఆలోచనను వదల్లేదు. దాన్నే 2017లో స్విచ్‌గా తెచ్చింది.

రెండోప్లేయర్:

మీరంతా పెట్టె లోపలే వెతుకుతున్నారు. నేను బయట అట్టపెట్టె గురించి చెబుతాను.

మా అన్నయ్యకు ఒక ప్రమాదం తర్వాత కుడిచెయ్యి సరిగా పనిచేయదు. అంతకుముందు ఇద్దరం కలిసి ఆడేవాళ్లం, ఆగిపోయింది. 2018లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. పైన రెండు పెద్ద బటన్లు, వెనక 19 జాక్‌లు. కాలితో నొక్కేది, మోచేత్తో తోసేది, ఎవరికి వీలైన స్విచ్ వాళ్లు తగిలించుకోవచ్చు. మా అన్నయ్యను కదిలించింది మాత్రం దాని ప్యాకింగ్. అంచులకు ఉచ్చులున్నాయి, పళ్లతో లాగాల్సిన పనిలేకుండా తెరుచుకుంటుంది. నన్ను సాయం పట్టనివ్వలేదు. సోనీ కూడా 2023 చివర్లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది, బాగుంది, కానీ ఐదేళ్ల తర్వాత.

మూడోచెయ్యి గారికి కోపం రావచ్చు గానీ, చెయ్యి ఊపే ఆటలను అందరి ఆటలు అని నింటెండో చెప్పుకున్నప్పుడల్లా మా ఇంట్లో ఒకరు ఆ "అందరి"లో లేరు. నింటెండోది ఒక సిద్ధాంతమే, కాదనను. దానికి గోడలు కూడా ఉన్నాయి.

మూడోచెయ్యి:

కోపమేమీ లేదండీ. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

అర్ధరాత్రి_బిల్డ్:

రెండోప్లేయర్ గారి మాటతో ఇంకోటి గుర్తొచ్చింది. సిరీస్ ఎక్స్‌కి చవక తమ్ముడు సిరీస్ ఎస్. మెమరీ 10 జీబీ, గ్రాఫిక్స్ బలం పెద్దదానిలో మూడోవంతు. చవక పెట్టె కొన్నవాడికి కూడా ప్రతి ఆటా రావాలని మైక్రోసాఫ్ట్ పట్టుబట్టింది. మాలాంటి వాళ్లకు ఎక్కువ టెన్షన్ అక్కడే. బాల్డర్స్ గేట్ 3 పీఎస్5కి 2023 సెప్టెంబర్‌లో వస్తే ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్ దాకా రాలేదు, తెరను రెండుగా చీల్చి ఇద్దరాడే పద్ధతి సిరీస్ ఎస్‌లో పట్టక. చివరికి ఆ ఒక్కటీ లేకుండానే దాని మీద వదలాల్సొచ్చింది. పని చేసేవాడిగా తిట్టుకుంటాను. కానీ నష్టమొస్తున్నా పట్టిన పట్టు మీద ఇంతకాలం నిలబడ్డారంటే, పాతకార్ట్రిడ్జ్ గారూ, అది ప్రకటన కాదు. పైన నేనన్న మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

పాతకార్ట్రిడ్జ్:

అయితే ఒక పరీక్ష పెడదాం. ఒక ఆటను దాని మెషిన్ నుంచి పీకి ఇంకోదాంట్లో నాటితే చచ్చిపోవాలి. అలా చచ్చిపోయే ఆట ఉన్న మెషిన్‌కి మాత్రమే సిద్ధాంతం ఉన్నట్టు. వీ స్పోర్ట్స్ మామూలు కంట్రోలర్‌తో ఆడితే ఏమీ మిగలదు, కాబట్టి నింటెండో పాస్. పీఎస్5తో ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్‌లో ఇసుకకీ గాజుకీ మంచుకీ కంట్రోలర్ ఒక్కోలా వణుకుతుంది, ట్రిగ్గర్ వేలికి ఎదురుతిరుగుతుంది. అది తీసేస్తే ప్రాణం పోతుంది. సోనీ కూడా పాస్, ఒప్పుకుంటున్నా. ఎక్స్‌బాక్స్‌కి ఏది?

టెరాఫ్లాప్_తాత:

లేదు. 2024లో వాళ్ల సీ ఆఫ్ థీవ్స్ పీఎస్5లోకే వచ్చేసింది.

లోడింగ్‌స్క్రీన్:

పరీక్షే తప్పు. ఎక్కడ నాటినా బతకాలి అనుకునేవాడిని "నీ మొక్క చావట్లేదేం" అని ఫెయిల్ చేస్తున్నారు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌లోనే ఇంటెల్ పెంటియం 3 రకం ప్రాసెసర్, హార్డ్ డిస్కు, నెట్ కేబుల్ పెట్టుకునే చోటు ఉన్నాయి. పీసీ మనుషులు చేసిన కన్సోల్ అది. ఒకసారి కొన్న ఆట కన్సోల్‌లోనూ పీసీలోనూ ఆడుకునే ఏర్పాటు, చందా కట్టి బోలెడు ఆటలు ఆడుకునే గేమ్ పాస్, అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. మెషిన్ కంటే మీ ఆటల అల్మరా ముఖ్యం అంటున్నారు వాళ్లు. మంచిదో కాదో వేరే గొడవ.

టెరాఫ్లాప్_తాత:

ఓడిపోయినవాడు ఊరంతా నాదే అనడం కూడా సిద్ధాంతమేనా?

పాతకార్ట్రిడ్జ్:

తాతగారూ, నవ్వించారు. అయినా అల్మరా అన్నారని నిజంగానే అల్మరా తెరిచాను. 2003 నాటి నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ డిస్కు దొరికింది, మొదటి ఎక్స్‌బాక్స్‌ది. గీతలు పడి ఉంది. సిరీస్ ఎక్స్‌లో పెట్టాను. నడిచింది. అప్పటికంటే శుభ్రంగా కనిపిస్తోంది. నా పీఎస్3 డిస్కులు పీఎస్5లో పెడితే ఒక్కటీ నడవదు.

అర్ధరాత్రి_బిల్డ్:

సెల్ చిప్పును అనుకరించడం ఎంత కష్టమో పైన నా ఏడుపు చదివితే తెలుస్తుంది. ఇక మీ డిస్కు తాళంచెవి మాత్రమేనండీ. అది చూసి నెట్ నుంచి ఆటను దించుకుంటుంది. లోపల పాత ఎక్స్‌బాక్స్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒక్కో ఆటనూ విడిగా పరీక్షించి వదిలారు.

పాతకార్ట్రిడ్జ్:

అంటే సిద్ధాంతం చిప్పులో లేదన్నమాట.

అర్ధరాత్రి_బిల్డ్:

చిప్పులో లేదు. ఎవరో కూర్చుని చేశారు.