కన్సాయ్ గైదైలో ఒక సెమిస్టర్: ఒప్పందం, కాగితాలు, భాష, భోజనం

మూడో_ఏడాది అడిగారు:

బీఏ చదువుతూ ఒసాకా పక్కన హిరకతలో ఉన్న కన్సాయ్ గైదైకి ఒక సెమిస్టర్ వెళ్ళాలనుకుంటే ఎలా? మా యూనివర్సిటీకి వాళ్ళతో ఒప్పందం ఉందో లేదో ఇంకా తేలలేదు. జపనీస్‌లో హిరగన అనే లిపి వరకే వచ్చు. సీఓఈ (వీసాకి ముందు కావాల్సిన అర్హత ధ్రువపత్రం), వీసా, దిగాక మునిసిపల్ ఆఫీసు పనులు ఏ వరసలో చేసుకోవాలి? పార్ట్‌టైమ్ చేసి నెట్టుకురావచ్చా? శాకాహారిని, హోమ్‌స్టే కుదురుతుందా?

చిత్తుకాగితం:

ముందు పేరు సంగతి తేల్చుకోండి, ఇక్కడే చాలామంది తప్పు వెబ్‌సైట్‌కి పోతారు. గైదై అంటే గైకొకుగో దైగకు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఆ తోకతో జపాన్‌లో చాలా ఉన్నాయి. తోక్యో గైదై జాతీయ విశ్వవిద్యాలయం, కోబే గైదై ఆ నగరపాలక సంస్థది. ఒసాకా గైదై 2007లో ఒసాకా యూనివర్సిటీలో కలిసిపోయింది, వెతికితే దొరికేవన్నీ పాత పేజీలే. కన్సాయ్, క్యోతో, నగొయా గైదైలు, చిబాలోని కంద ప్రైవేటువి. ఇక కన్‌దై అని పిలిచే కన్సాయ్ యూనివర్సిటీ పూర్తిగా వేరే సంస్థ.

మీరడిగినది 1945లో చిన్న ఇంగ్లిష్ బడిగా మొదలై 1966లో విశ్వవిద్యాలయమైంది. ఒసాకా యొదొయబషికీ క్యోతోకీ మధ్య నడిచే కేహాన్ రైల్లో హిరకత-షి స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి.

ఒప్పందం ఉంటే ట్యూషన్ ఫీజు మీ యూనివర్సిటీకే కడతారు. అక్కడ గది, భోజనం, బీమా మీ చేతి ఖర్చు. నామినేషన్ మీ అంతర్జాతీయ విభాగం పంపాలి, మీరు నేరుగా దరఖాస్తు పెడితే పక్కన పెట్టేస్తారు. ఒప్పందం లేకపోతే ఫీజు కట్టి చేరే విద్యార్థిగా తీసుకుంటారా అని వాళ్ళ అంతర్జాతీయ కార్యాలయానికి రాసి అడగండి. అప్పుడు ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది.

జపాన్ విద్యార్థి సేవల సంస్థ జస్సో ఇచ్చే ఉపకారవేతనం నెలకు 80,000 యెన్‌లు. దానికి గ్రేడు సగటు 3.00కి 2.30 ఉండాలి, అదీ అక్కడి యూనివర్సిటీ సిఫారసు చేస్తేనే. సొంతంగా పెట్టుకునే దారి లేదు, కాబట్టి దాన్ని బడ్జెట్‌లో వేసుకోకండి.

అసలు దెబ్బ తగిలేది క్రెడిట్ల దగ్గర. జపాన్‌లో ఒక క్రెడిట్ అంటే 45 గంటల చదువు, ఇంట్లో చదివేది కూడా అందులోదే. మన దగ్గర ఒక క్రెడిట్ అంటే 15 గంటల క్లాసు. కాగితం మీద అంకె ఒకటే అయినా, తిరిగొచ్చాక పరీక్షల విభాగం "ఎన్ని గంటలు?" అని అడిగి కోత వేస్తుంది. ప్రతి కోర్సు సిలబస్, వారానికి ఎన్ని పీరియడ్లు, ఎన్ని వారాలు అన్నది ముందే చూపించి, మీ శాఖాధిపతి సంతకంతో సమానత్వ పత్రం తీసుకుని విమానం ఎక్కండి. నోటిమాట పనికిరాదు. అక్కడి ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. మీ బేసి సెమిస్టర్ అంతకుముందే మొదలవుతుంది గనుక హాజరు మినహాయింపు కూడా రాతలోనే ఉండాలి.

ముద్రా_సంతకం:

కాగితాల వరస ఇది. సీఓఈకి మీరు పరుగెత్తక్కర్లేదు, యూనివర్సిటీయే మీ తరఫున ఇమిగ్రేషన్‌కి పెడుతుంది. మీరిచ్చేవి పాస్‌పోర్ట్ కాపీ, 4×3 సెంటీమీటర్ల ఫొటో, ఖర్చు భరించేవారి బ్యాంకు నిల్వ పత్రం. మామూలుగా 1 నుంచి 3 నెలలు పడుతుంది. నిల్వ పత్రంలో నిన్న మొన్న ఒకేసారి జమయిన పెద్ద మొత్తం కనిపిస్తే అదెక్కడిదని అడుగుతారు. వివరణ ముందే జతచేస్తే నెల మిగులుతుంది. సీఓఈ ఇప్పుడు ఈమెయిల్‌లో కూడా వస్తుంది. చెల్లుబాటు 3 నెలలు, ఆలోగా వీసా తీసుకుని జపాన్‌లో అడుగుపెట్టాలి.

కన్సాయ్ విమానాశ్రయంలో దిగినప్పుడు రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. పని అనుమతి ఫారం కూడా అక్కడే ఇచ్చేయండి, కార్డు వెనక ముద్ర పడుతుంది. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు హిరకత సిటీ ఆఫీసులో చిరునామా నమోదు. అదే రోజు, అక్కడే ఇంకో రెండు పనులు కానిచ్చేయండి. ఒకటి జాతీయ ఆరోగ్య బీమా. దానితో ఆసుపత్రి ఖర్చులో 30 శాతమే మీది. ఆదాయం లేదని ప్రకటిస్తే ప్రీమియం తగ్గుతుంది, ప్రకటించకపోతే తగ్గించరు. రెండోది పింఛను. 20 ఏళ్ళు దాటితే విద్యార్థి అయినా చేరక తప్పదు. 2025-26లో నెలకు 17,510 యెన్‌లు. కట్టలేనివారికి విద్యార్థి వాయిదా ఉంది, అది ఎక్స్ఛేంజ్‌వాళ్ళకి వర్తించదంటే మామూలు మినహాయింపు ఫారం అడగండి. ఊరుకుంటే మాత్రం బిల్లులు ఇంటికొస్తూనే ఉంటాయి.

మధ్యలో వేరే దేశానికి వెళ్తే, బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో ఇచ్చే చీటీలో "తిరిగి వస్తాను" గడిలో టిక్ పెట్టాలి. ఆ ఒక్క గీత మరిచిపోతే మీ విద్యార్థి హోదా అక్కడికక్కడే రద్దు, మళ్ళీ సీఓఈ నుంచి మొదలు.

మూడో_ఏడాది:

ధన్యవాదాలు. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. దానివల్ల ఇబ్బందేమైనా?

ముద్రా_సంతకం:

ఉంది, బ్యాంకులో. రెసిడెన్స్ కార్డు మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రోమన్ అక్షరాల్లో వస్తుంది. బ్యాంకు ఖాతా పేరు మాత్రం విదేశీ మాటలకి వాడే కతకన లిపిలో రాయించుకుంటుంది. డబ్బు బదిలీలో చూసేది ఆ కతకననే. శ్రీవిద్య అనే పేరు ఒక కౌంటర్లో "షురివిదియ", ఇంకో కౌంటర్లో "సురిబిదియ" అయిపోతుంది. రెండూ ఒకే మనిషివని కంప్యూటర్‌కి తెలియదు. ఉపకారవేతనం, జీతం వెనక్కి వెళ్ళేది ఇందుకే. ఇంట్లోనే ఒక కతకన రూపం ఖాయం చేసుకుని చిన్న చీటీ మీద రాసి పెట్టుకోండి. బ్యాంకు, ఫోను, బీమా, యూనివర్సిటీ అన్నిచోట్లా అదే అక్షరం, అదే వరస, పదాల మధ్య అదే ఖాళీ. అధికారిగారు సొంతంగా రాసిస్తానంటే వద్దని చీటీ చూపించండి. వీలుంటే పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి నింపించుకుని ఆ తర్వాతే సీఓఈకి ఇవ్వండి. మధ్యలో మారిస్తే ఇంకా చిక్కు.

తపాలాబిళ్ళ:

భాష సంగతి నేను చెప్తాను. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లో మాట్లాడే జపనీస్ వేరు, చదవడం రాయడం వేరు. సున్నా నుంచి మొదలయ్యే స్థాయి ఉంది, మిగతా సబ్జెక్టులు ఇంగ్లిష్‌లో ఉంటాయి. కాబట్టి హిరగనతో వెళ్ళొచ్చు, కానీ కతకన 46 అక్షరాలు కూడా పూర్తి చేసుకోండి. మెనూలు, సాఫ్ట్‌వేర్ బటన్లు, చివరికి మీ పేరు కూడా అందులోనే.

తెలుగువాళ్ళు ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని జపనీస్ వ్యాకరణం నేర్చుకోవడం ముక్కు చుట్టూ తిప్పి పట్టుకోవడమే. "తబెతె ఇకు" అంటే "తిని వెళ్తాను", మన క్త్వార్థకమే. "తబెరు తొ ఇత్త" అంటే "తింటానని అన్నాడు", ఆ "తొ" సరిగ్గా మన "అని" కూర్చునే చోటే కూర్చుంటుంది. "ఒసాకా ని" అంటే "ఒసాకాకి". ఒజిసన్ బాబాయి లేదా మామయ్య, ఒజీసన్ తాతయ్య. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ళ. దీర్ఘం, ద్విత్వం మనకి పుట్టుకతో వచ్చాయి, ఇంగ్లిష్‌వాళ్ళు నెలలు తంటాలు పడేది అక్కడే. "త్సు" పలకాలంటే మన చుక్కలోని దంత్య చకారం తలుచుకోండి.

తడబడేది నామం వెనక వచ్చే "వ", "గ" దగ్గర. "వ"కి మన "నేనైతే"లోని "ఐతే" కాస్త దగ్గర, "గ"కి సరైన జోడీ లేదు. ఇంకోటి, మనం "మీరు, మీరు" అన్నట్టు "అనత" వాడకండి, అది మర్యాద కాదు. పేరు పక్కన "సన్" చేర్చండి, చాలు.

చిత్తుకాగితం:

భోజనం, పని మిగిలాయి.

హోమ్‌స్టే ఫారంలో "శాకాహారం" అని ఒక్క మాట రాస్తే మిసో సూప్ పెడతారు. అందులో మాంసం ఉండదు, దాషి అనే చారు మాత్రం ఎండు చేప కత్సుఒబుషితో కాచింది. వాళ్ళ దృష్టిలో అది చేప వంటకం కాదు, రుచి మాత్రమే. కాబట్టి విడివిడిగా రాయండి: మాంసం వద్దు, చేప వద్దు, చేప దాషి వద్దు, కొంబు సముద్రపు నాచు దాషి పర్వాలేదు, గుడ్డు తింటారా లేదా, పాలు సరేనా. ఇంత నిక్కచ్చిగా ఉంటే కుటుంబం దొరకడం ఆలస్యం కావచ్చు. గుడ్డు కూడా తినకపోతే వంటగది ఉన్న హాస్టలే నయం అని నా అభిప్రాయం.

పార్ట్‌టైమ్ వారానికి 28 గంటలే, దీర్ఘ సెలవుల్లో రోజుకు 8. పచింకో అనే జూదపు ఆటల హాళ్ళు, బార్లలాంటి చోట గిన్నెలు కడగడం కూడా నిషిద్ధం. నాలుగు నెలల కోసం వచ్చినవాళ్ళని, అదీ జపనీస్ రానివాళ్ళని పెట్టుకునే కొట్లు తక్కువ. దొరికినా మొదటి జీతం చాలాచోట్ల తర్వాతి నెలలోనే వస్తుంది. డిసెంబరులో తిరిగొచ్చేవాళ్ళు పార్ట్‌టైమ్‌ని జేబుఖర్చుగా చూసుకోవాలి గానీ అద్దెగా లెక్కేసుకోకూడదు.