సమస్య: మంట నార్పిన పిదపనే మాంస ముడికె

నిర్వాహకుడు: ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. పొయ్యి కట్టేశాక మాంసం ఉడకడమేమిటన్నదే చిక్కు. ఓవెన్‌లో కాల్చే గొర్రె తొడలాంటి పెద్ద ముక్క, ఇంటిల్లిపాదీ కూర్చునే భోజనం ఈసారి విషయం. పద్యంలో చెప్పిన లెక్క వంటింట్లోనూ నిలవాలి. గణాలు కుదిరి తొడ పచ్చిగా ఉంటే మార్కుల్లేవు.

సన్నసెగ:
రేకు గప్పిన నిమిషాలు రెండు పదులు
పైన నిండిన వేడిమి పాకి పాకి
యెముక దాకను జేరగ నింపుగాను
మంట నార్పిన పిదపనే మాంస ముడికె

ఉప్పుకల్లు: నడక హాయిగా ఉంది. పేచీ ఇరవై నిమిషాలతోనే. రెండు కిలోల ఎముక తొడకైతే సరే. అరకిలో ముక్కకు ఎనిమిది, పది చాలు, ఇంకా ఉంచితే చల్లారిపోతుంది. రేకు (అల్యూమినియం ఫాయిల్) అంచులు పళ్లేనికి బిగించారో, ఆవిరి లోపలే తిరిగి కరకరలాడే పైపొర తడిసిన అట్టలా అవుతుంది. గుడారంలా వదులుగా వేయాలి. కోడికి అసలు కప్పకపోవడమే మేలు.

మీగడతరక: 'ఉడికె' అంటే నీళ్లలో వండినదానికి కదండీ? ఇది కాలడం.

ఉప్పుకల్లు: కాలేది పైపొరే. లోపలి కండ తన నీటిలో తానే ఉడుకుతుంది. కోసి చూడండి: అంచున బూడిదరంగు పట్టీ, నడుమ గులాబీ. క్రియ సరైనదే.

కొలతలపిచ్చి:
ఏబదైదున దించగ నెముక విడిచి
సూది గుచ్చిన పిమ్మట జూచుచుండ
నరువదింటిని దాటిన దంకె తెరను
మంట నార్పిన పిదపనే మాంస ముడికె

నిర్వాహకుడు: 'ఎముక విడిచి' అన్న రెండు మాటలకే ఒక మార్కు ఎక్కువ. ఎముకకు తగిలిన థర్మామీటర్ సూది కండ వేడి చెప్పదు. కొన మందమైన చోట నడుమ నిలవాలి. కానీ దించాక సూది గుచ్చితే, యాభై అయిదని ముందే ఎలా తెలిసింది? రెండో పాదం 'సూది తీయక యటులనే చూచుచుండ' అంటే అన్వయం కుదురుతుంది. ఇంకొకటి. 200 డిగ్రీల ఓవెన్ నుంచి తీసిన రెండు కిలోల గొర్రె తొడ బయట 5–6 డిగ్రీలు పెరుగుతుంది. 120లో నిదానంగా కాల్చినది 2–3కు మించదు, యాభై అయిదున దించితే అరవై చేరదు. కోడికి ఈ లెక్కే వద్దు, తొడ లోపల 74 చూపాల్సిందే.

మీగడతరక:
వేడి మాంసము కోయగా రసము కారు
ఓర్చి నిలుపగా జిక్కగ నొదిగిపోవు
కత్తి పట్టకు తొందర గలుగనీకు
మంట నార్పిన పిదపనే మాంస ముడికె

ఉప్పుకల్లు: మొదటి పాదంలో యతి తప్పింది, వే–ర కలవవు. 'కోయగా వెడలు రసము' అనండి. చివరి పాదం మూడోదానికి అతకలేదు, పక్కన నిలబడిందంతే. విషయం మాత్రం నిజం: చల్లబడేకొద్దీ రసం చిక్కబడి కండలోనే ఆగుతుంది. పళ్లెంలోకి కారినది పారబోయకండి. రెండు టేబుల్‌స్పూన్ల కొవ్వులో అంతే మైదా పచ్చివాసన పోయేదాకా వేపి, ఆ రసానికి ఎముకలు కాచిన నీళ్లు కలిపి మొత్తం 400 మిల్లీలీటర్లు చేసి కొద్దికొద్దిగా పోస్తే గ్రేవీ. ఒక్కసారే గుమ్మరిస్తే ఉండలు కడుతుంది.

చిటపట:
గట్టి మంచుతో నున్నట్టి గడ్డ బెట్టి
వేచి వేసారి రొట్టెలు వేగ మెక్కి
కడుపులో నాకలిగ రేగి కాల్చునట్టి
మంట నార్పిన పిదపనే మాంస ముడికె

నిర్వాహకుడు: మంటను పొయ్యిలోంచి కడుపులోకి మార్చారు, భేష్! గడ్డకట్టిన తొడను అలాగే పెడితే మామూలుకన్నా సుమారు సగం కాలం ఎక్కువ పడుతుంది, అప్పటికి పైన ఎండిపోతుంది. రెండు కిలోలది ఫ్రిజ్ కింది అరలో, కారే నీళ్లు పట్టే పళ్లెంలో, కనీసం ఒక రోజంతా ఉంచాలి. 'మెక్కి' మొరటు మాటే గానీ, అంతసేపు కాచుకున్నవాళ్లకు 'ఆరగించి' నప్పదు. ఉంచేయండి.