ఆదివాసుల విలువలు డిజైన్‌లోకి ఎలా తేవాలి?

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నాను. ఒక ఆదివాసీ సమాజానికి సాంస్కృతిక కేంద్రం డిజైన్ చేస్తున్నాను. గోడల మీద వాళ్ల బొమ్మలు, గేటు మీద చిహ్నాలు వేశాను. మా గైడ్ చూసి, ఇది అలంకారమే, వాళ్ల విలువలు ఎక్కడున్నాయి అని అడిగారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల్లో 1998లో తెరిచిన జిబావు సాంస్కృతిక కేంద్రం ప్లాన్లు తెప్పించుకుని చూడండి. దాన్ని డిజైన్ చేసిన ఇటలీ ఆర్కిటెక్ట్ రెంజో పియానో, అక్కడి ఆదివాసులైన కనాక్ ప్రజల గుడిసెలను ఉన్నవున్నట్టు దించలేదు. పది ఎత్తైన చెక్క నిర్మాణాలు కట్టి, పై అంచులు పూర్తి కానట్టు వదిలేశారు. సముద్రపు గాలి వాటి రెండు పొరల గోడల మధ్య నుంచి ఆడుతుంది. నాకైతే భవనం కన్నా దాని చుట్టూ ఉన్న కనాక్ దారే ఎక్కువ ఇష్టం. సృష్టి, వ్యవసాయం, నివాసం, మరణం, పునర్జన్మ అని ఐదు మజిలీలు. అక్కడ కథ చెప్పేది మొక్కలే. చేమ, పెండలం వాళ్లకు తిండి మాత్రమే కాదు, సంబంధాలు కలిపే కానుకలు కూడా. మీ ప్లాన్‌లో చెట్లు చివర్లో ఖాళీలు నింపడానికి వచ్చాయా, ముందే వచ్చాయా?

జవాబు 2: న్యూజిలాండ్‌లో తూహోయ్ అనే మావోరీ తెగ ప్రజల సామాజిక భవనం తే కురా ఫరే (2014) కూడా చూడండి. మట్టి ఇటుకలు ఆ ప్రజలే చేశారు. ఎవరు కడతారన్నది కూడా డిజైనే.

ప్రశ్న అడిగినవారు: చెట్లు చివర్లోనే వచ్చాయండి. గేటు బొమ్మలు తీసేశాను. ముందు పెద్దలతో ఆ స్థలమంతా నడిచి వస్తాను.