పున్నమి ఘాట్‌లో సూర్యోదయం ఫొటోలు: ట్రైపాడ్ తేవాలా, వద్దా?

పొద్దుపొడుపు:
ఈ ఆదివారం విజయవాడలో కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో కలుస్తున్నాం, ఇరవై మంది దాకా వస్తామన్నారు. జనవరి కదా, సూర్యుడు పైకొచ్చేసరికి 6:40 అవుతుంది, మంచి రంగులన్నీ అంతకు ముందు అరగంటలోనే ఉంటాయి, అందుకని 5:45కల్లా మెట్ల దగ్గరుండాలి. ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు, ఖాళీ కార్డు, టార్చి, మంకీ క్యాప్, నీళ్ళు తెచ్చుకోండి. ట్రైపాడ్ సంగతి మీరే తేల్చండి.

ఉండవల్లి రాయి:
తేల్చడానికేముంది, ట్రైపాడ్ తప్పనిసరి. ఆరుంబావుకి ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పట్టాలో చెప్పే సెట్టింగు) 100, ఎఫ్/11 (లెన్సు కన్నం చిన్నది) పెడితే షట్టర్ సెకండ్ల పాటు తెరిచే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ప్రకాశం బ్యారేజీ లైట్లన్నీ గీతలైపోతాయి. రెండు సెకండ్ల టైమర్ కూడా పెట్టుకోండి, బటన్ నొక్కిన అదురు కూడా ఫొటోలో తెలుస్తుంది.

దోమకాటు:
ఒడోమాస్ రాసుకుని రండి, ఏటి ఒడ్డు అది.

అరండల్‌పేట:
ట్రైపాడ్లు వద్దని నా మాట. ఇరవై మందిలో పది మంది తెచ్చినా ముప్పై కాళ్ళు, అదీ చీకట్లో, తడి మెట్ల మీద. ఫోన్లలో నైట్ మోడ్ ఉంది, అదే నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేసిస్తుంది.

ఉండవల్లి రాయి:
నైట్ మోడ్ కలిపేది కదలని వాటిని మేడమ్. పడవ కదులుతుంటే అది మసక ముద్దలాగే వస్తుంది. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో నీళ్ళ మీద చుక్కలు చుక్కలుగా గరుకంతా తేలుతుంది, పెద్దగా చేసి చూడండి తెలుస్తుంది.

కాలవగట్టు:
ఏసీ గదిలోంచో కారులోంచో కెమెరా ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్సుకి ఆవిరి పడుతుంది. ఘాట్‌కి రాగానే ఓ ఇరవై నిమిషాలు బ్యాగులోనే ఉంచండి. నాకు ఒకసారి సూర్యోదయం మొత్తం తుడుచుకోవడంతోనే సరిపోయింది.

అరండల్‌పేట:
మీరు మళ్ళీ నీళ్ళ మీద గరుకు దగ్గరే ఆగారు. నేనడిగేది మనుషులు నిలబడే చోటు గురించి.

ఉండవల్లి రాయి:
ఇది ఫొటోల కోసం వెళ్ళేది. ఫోనుతో సెల్ఫీలు దిగేవాళ్ళు తొమ్మిదింటికి వచ్చినా నష్టం లేదు.

పొద్దుపొడుపు:
అన్నా, ఆ మాట బాలేదు.

అరండల్‌పేట:
తొమ్మిదింటికా? పోయినసారి నేను మూడున్నరకి లేచి, మా అమ్మాయిని లేపి, గుంటూరు నుంచి బస్సులో వచ్చాను. తను కింది మెట్టు మీద నిలబడి తీస్తుంటే వెనక నుంచి ‘పాపా జరుగు, ఫ్రేములోకి వస్తున్నావ్’ అని మూడుసార్లు వినబడింది. మూడోసారి ఫోను స్వెట్టర్ జేబులో పెట్టేసుకుంది, మళ్ళీ తియ్యలేదు. ఆ రోజుది ఒక్క ఫొటోనే ఉంది తన దగ్గర, అందులో సూర్యుడికి అడ్డంగా ఎవరిదో ట్రైపాడ్ కాలు, దాని కింద నల్ల రబ్బరు బుడిపె కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు రమ్మంటే రానంటోంది. ట్రైపాడ్ వద్దని నేనెందుకంటున్నానో ఇప్పటికైనా అర్థమైందా?

ఉండవల్లి రాయి:
ఆ మాటన్నది నేనే. పాప అని చూసుకోలేదు, అది నా తప్పు. అంతకు ముందోసారి ఎవరి కాలో తగిలి నా కెమెరా మెట్ల మీద పడింది, లెన్స్ ముందు రింగు వంగి ఫిల్టర్ ఇరుక్కుపోయింది, ఒక్కరూ ‘అయ్యో’ అనలేదు. అప్పటినుంచీ పక్కకి ఎవరొచ్చినా టెన్షనే. కానీ కింది మెట్టు మాత్రం వదలను. కెమెరా నీళ్ళకి దగ్గరగా ఉంటేనే బ్యారేజీ నీడ మొత్తం ఏట్లో దొరుకుతుంది.

పొద్దుపొడుపు:
6:25 దాకా కింద ట్రైపాడ్లు, తర్వాత ఫోన్లు. సరేనా?

అరండల్‌పేట:
అసలు రంగులొచ్చేదే ఆ వేళప్పుడు. ముందు వాళ్ళు, తర్వాత వీళ్ళు అని ఎందుకు?

ఉండవల్లి రాయి:
పాపని తీసుకురండి. నా పక్కన చోటిస్తాను.

అరండల్‌పేట:
మీరిచ్చేదేంటండీ, మెట్లు అందరివీ. మా అమ్మాయిని అడుగుతాను, వస్తే కింది మెట్టు మీదే నిలబడుతుంది, జరగదు.