సైలీసియన్: జర్మన్ కలిసిన పోలిష్ యాసా, వేరే భాషా?

కాలవగట్టు: దక్షిణ పోలండ్‌లో కతోవిత్సె చుట్టూ ఉన్న బొగ్గుగనుల సీమలో మాట్లాడే సైలీసియన్‌ను ప్రాంతీయ భాషగా గుర్తిస్తూ 2024లో అక్కడి పార్లమెంటు బిల్లు పాస్ చేసింది. అది పోలిష్ యాసేనంటూ అప్పటి అధ్యక్షుడు ఆంద్రెజ్ దూదా వీటో చేశారు. నాకు ఆయన మాటే సబబనిపిస్తోంది. గని వాళ్లకు 'గ్రూబా', రైలు 'త్సూగ్', సూటు 'అంత్సూగ్'. అన్నీ జర్మన్‌వే. అరువు సామాను తీసేస్తే మిగిలేది పోలిషేగా?

పాతసంచి: అరువే, కాదనను. 1742లో సైలీసియాలో ఎక్కువ భాగం ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతికి పోయింది, గనుల్లో పెత్తనమంతా జర్మన్‌దే అయింది. కానీ తెచ్చుకున్న మాటను ఏం చేశారో చూడండి. ఇస్త్రీ చేయడం 'బిగ్లోవాచ్'. జర్మన్ 'బ్యూగెల్న్'కి '-ఓవాచ్' అనే పోలిష్ తోక తగిలించారు. ఇక నేను, నువ్వు, వాళ్లు అన్నిటికీ అది పోలిష్ క్రియలాగే మారుతుంది. మన 'ఇస్త్రీ' కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందంటారు, పక్కన 'చేయు' పెట్టి మనదే చేసేసుకున్నాం.

కాలవగట్టు: సంచి గారూ, మీరు నా వాదనకే బలమిచ్చారు! చట్రం పోలిష్‌దే అని మీరే అంటున్నారు.

మూడోబెంచి: అరువు మాటల దగ్గరే తిరుగుతున్నారిద్దరూ. 'ఉన్నాను' అని జరిగిపోయినదాన్ని చెప్పడానికి పోలిష్‌లో మగవాళ్లు 'బివెమ్' అంటే, సైలీసియన్‌లో 'బివెఖ్' అంటారు. ఆ 'ఖ్' జర్మన్ పెట్టిన భిక్ష కాదండీ, పాత స్లావిక్ (పోలిష్, చెక్, రష్యన్‌ల కుటుంబం) రూపం. ప్రామాణిక పోలిష్ దాన్ని ఎప్పుడో వదిలేసుకుంది. పాడైంది ఎవరో, నిలబెట్టుకున్నది ఎవరో!

ఓల్జా ఒడ్డు: నేను ఉద్యోగరీత్యా చెక్ వైపు ఉంటున్నాను. 1920లో సైలీసియాలోని చియెషిన్ పట్టణాన్ని ఓల్జా నది వెంబడి పోలండ్‌కూ చెకోస్లొవాకియాకూ పంచేశారు. రెండు ఒడ్డుల వాళ్లూ తమ మాటను 'పో నషిము' అంటారు, అంటే 'మన తీరున'. పాత జర్మన్ మాటలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. ఆఫీసు, కాగితాలు, కొత్త వస్తువుల పేర్లు మాత్రం ఈ ఒడ్డున చెక్ నుంచి వస్తున్నాయి. ఒకే యాస వందేళ్లుగా రెండు బడుల్లో చదువుతోందన్నమాట. (ఒక హెచ్చరిక: పోలిష్‌లో 'వెతకడం' అనే మాట చెక్ చెవికి పచ్చి బూతు. ఆఫీసులో పోలిష్ నోట పెట్టేముందు తెలుసుకోండి, నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.)

కాలవగట్టు: 'బివెఖ్' సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. అయినా ప్రతి యాసలోనూ ఇలాంటి పాత రూపాలు దొరుకుతాయి. ఇది కొలమానమెలా అవుతుంది?

మూడోబెంచి: మరి ఏది కొలమానం? 2005లో ఉత్తర పోలండ్‌లో మాట్లాడే కషూబియన్‌కు ఆ ప్రాంతీయ భాష హోదా ఇచ్చారు. 2021 జనగణనలో ఇంట్లో కషూబియన్ మాట్లాడతామన్నవాళ్లు లక్ష లోపే, సైలీసియన్ అన్నవాళ్లు నాలుగున్నర లక్షల పైనే. జనమూ చాలక, వ్యాకరణమూ చాలక, ఇంకేం తెమ్మంటారు కాలవగట్టు గారూ?