30 బై 60 షెడ్డా, 40 బై 80 షెడ్డా? పాకాల దగ్గర శెనక్కాయలు, వడ్లు నిలవకి లెక్క చెప్పండి

పాకాల_శెనక్కాయ:
శెనక్కాయలు 600 మూటలు (40 కిలోలవి), వడ్లు 300 మూటలు (75 కిలోలవి), ట్రాక్టరు, ట్రాలీ, రోటవేటరు పెట్టుకోవాలి. ఇనుప షెడ్డు 30 బై 60, ఎత్తు 14 అడుగులు అనుకుంటా ఉండా. ఒక వర్క్‌షాపోళ్లు చదరపు అడుగుకి 350 అన్నారు, అంటే 6.3 లక్షలు. 40 బై 80 వేస్తే అడుగుకి 330కే చేస్తామంటున్నారు. ఏది మేలు?

బేస్‌ప్లేట్:
ముందు స్థలం లెక్క. శెనక్కాయ మూట పడుకోబెడితే 3 అడుగులు బై 2 అడుగులు, 6 చదరపు అడుగులు. పది వరసలు పేరిస్తే 600 మూటలకి అడుగున 60 మూటల చోటు, 360 చదరపు అడుగులు. వడ్లు 12 వరసలు వేస్తే 150. గోడ నుంచి రెండున్నర అడుగులు, మూటల నెట్టుకీ నెట్టుకీ మధ్య మనిషి నడిచే దారి వదిలితే రెండింటికీ కలిపి వెయ్యి దాకా వస్తుంది. ట్రాక్టరు ట్రాలీతో కలిపి 24 అడుగుల పొడవు, దానికి 200. పనిముట్లకి ఇంకో 150. మొత్తం 1,350. మీ 1,800లో 450 మిగులుతుంది. చాలు.

ఇక ఆ 350లో ఏమేమి ఉన్నాయో రాయించుకున్నారా? సాధారణంగా దాంట్లో ఇనుము, రేకు తప్ప ఏమీ ఉండదు. పునాది గుంతలు, గ్రావెల్, ఫ్లోరు, గోడ, షట్టరు, జీఎస్టీ 18 శాతం, అన్నీ బయటే.

గోడౌన్_నాగలాపురం:
పాకాల అన్నా, ఈ లెక్క ఈ సంవత్సరం పంటకి. బోరులో నీళ్లు బాగుంటే వచ్చే ఏడు 900 మూటలు వస్తాయి. అప్పుడు పక్కన ఇంకో షెడ్డు కడతారా? 40 బై 80 ఒకేసారి వేసేయండి. కొలత పెరిగే కొద్దీ అడుగుకి ధర తగ్గుతుంది, వాళ్లే 330 అన్నారు కదా.

బేస్‌ప్లేట్:
ధర తగ్గలేదు, ఇనుము తగ్గింది. వెడల్పు 30 నుంచి 40కి పోతే ట్రస్సు (పైకప్పుని మోసే ఇనుప చట్రం) మీద పడే వంపు బలం వెడల్పు వర్గంతో పెరుగుతుంది. 40ని 30తో భాగించి వర్గం చేస్తే 1.78. అంటే దాదాపు రెండింతలకి దగ్గర. అడుగుకి ఇనుము పెరగాల్సిన చోట ధర తగ్గిందంటే పైపు గోడ మందం 3 మిల్లీమీటర్ల నుంచి 2కి దిగిందనే అర్థం. అందుకే చదరపు అడుగు ధర అడగొద్దు, "ఎన్ని కిలోలు, ఏ సెక్షను (పైపు ఆకారం, కొలత), ఎంత మందం" అని అడగండి. లారీని వేబ్రిడ్జి మీద తూకం వేయించండి.

గోడౌన్_నాగలాపురం:
కిలోల లెక్కన ఇస్తే బరువు పెంచి బిల్లు వేస్తారు. 10 కిలోలు సరిపోయే చోట 15 పెడతారు. అడుగు లెక్కే రైతుకి సురక్షితం.

మామిడితోపు:
రెండూ నిజమే. డ్రాయింగ్ ముందు, తర్వాత తూకం. డ్రాయింగులో ఉన్న బరువు కంటే 3 శాతానికి మించి ఎక్కువైతే డబ్బులివ్వమని అగ్రిమెంటులో రాయండి.

బేస్‌ప్లేట్:
మామిడితోపు చెప్పింది సరైన మాట. రేకు మందం కూడా రాయించాలి. 0.50 అని చెప్పేది రంగు పూతతో కలిపి. లోపలి ఉక్కు అంతకంటే సన్నం. రేకు దిగగానే మైక్రోమీటరుతో అంచు దగ్గర కొలవండి. 0.35 రేకు మీద మేస్త్రి నడిస్తేనే సొట్ట పడుతుంది, ఆ సొట్టలో నీళ్లు నిలబడి తుప్పు మొదలవుతుంది. 30 అడుగుల వెడల్పుకి ఒక్కో వాలుకి చూరుతో కలిపి 17 అడుగుల రేకు ఒకే ముక్కగా వస్తుంది. అతుకు లేకుండా తెప్పించుకోండి.

గోడౌన్_నాగలాపురం:
రేకు గురించి గంట సేపు చెప్తారు, ఆయన అడిగింది సైజు.

బేస్‌ప్లేట్:
సైజుకే వస్తున్నా. పెద్ద షెడ్డు అంటే గాలికి పెద్ద గొడుగు. కట్టడాల మీద గాలి బలానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో చెన్నై, నెల్లూరులకి లెక్కకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, బెంగళూరుకి 33. పీడనం కట్టే సూత్రం 0.6ని వేగం వర్గంతో గుణించడం. 50కి 1,500 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకి 153 కిలోలు. రేకు, పర్లిన్లు (రేకు కింద అడ్డ కమ్మీలు), ట్రస్సు అన్నీ కలిపి పైకప్పు బరువు చదరపు మీటరుకి 15 కిలోలు. షెడ్డు ఆకారం, ఎత్తుని బట్టి వేసే గుణకాలు పక్కన పెట్టి చూసినా గాలి పైకి లాగే బలం పైకప్పు బరువుకి పదింతలు. 15 అడుగులకొక ఫ్రేము (రెండు స్తంభాలు, వాటి మీద ట్రస్సు) పెడితే ఒక్కో స్తంభం వంతు 21 చదరపు మీటర్లు, పైకప్పు బరువు పోను లాగుడు దాదాపు 3 టన్నులు. 40 బై 80లో 16 అడుగులకొకటి పెడితే 4 టన్నులు దాటుతుంది.

ఇప్పుడు మామూలుగా తవ్వే గుంత చూడండి. 2 అడుగుల చదరం, 3 అడుగుల లోతు, కాంక్రీటు నింపితే 800 కిలోలు. మూడు టన్నుల లాగుడికి 800 కిలోల పట్టు.

గోడౌన్_నాగలాపురం:
పాకాల ఏమన్నా సముద్రం ఒడ్డునుందా స్వామీ? చెన్నై గాలి పాకాలకెందుకు? ఇట్లా భయపెట్టే ఇనుము అమ్ముకుంటారు మీరు.

కుప్పం_గట్టు:
మా వైపు అంత గాలి ఉండదు, అది మాత్రం నిజం.

బేస్‌ప్లేట్:
నేను ఇనుము అమ్మను. సరే, 50 వద్దు, 44 పెట్టండి. 118 కిలోలు వస్తుంది. స్తంభానికి 2.1 టన్నులు. గుంత 800 కిలోలే. ఇప్పుడు చెప్పండి, ఏ అంకె పెడితే ఆ గుంత సరిపోతుంది?

4 అడుగుల చదరం ఫుటింగు, 4.5 అడుగుల లోతు, దాని మీద మట్టి దిమ్మిస కొట్టి నింపితే మట్టి బరువుతో కలిపి 3.5 టన్నులు దాటుతుంది. కాంక్రీటు ఎక్కువ పోయక్కర్లేదు, మట్టే పట్టుకుంటుంది. 60 అడుగులకి 5 ఫ్రేములు, 10 గుంతలు. ఒక్కో బేస్ ప్లేటుకి (స్తంభం అడుగున ఇనుప పలక) 4 యాంకర్ బోల్టులు, తర్వాత డ్రిల్ చేసి దించేవి కాదు, కాంక్రీటుతో పాటే పోసినవి.

పాకాల_శెనక్కాయ:
అన్నా, మొత్తం ఖర్చు ఎంత అవుతుందో అది చెప్పండి.

బేస్‌ప్లేట్:
నేను వేసుకున్న ధరలు రాస్తున్నా, మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి. ఇనుము అడుగుకి 2.6 కిలోల చొప్పున 4,700 కిలోలు, బిగింపుతో కిలో 105 అయితే 4.9 లక్షలు. పైకప్పు, నాలుగడుగుల ఇటుక గోడ పైనుంచి పక్క రేకులు కలిపి 4,000 చదరపు అడుగులు, 60 చొప్పున 2.4 లక్షలు. ఈ రెండింటి మీద జీఎస్టీ 1.3 లక్షలు. గుంతలు 1.2. గోడ 0.9. షట్టరు 0.6. ఎత్తు అడుగున్నర లేపడానికి గ్రావెల్ 27 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు), దిమ్మిసకి అణిగేది ఇంకో ఐదారు, అది 0.6. ఫ్లోరు 5 అంగుళాలు అంటే 750 ఘనపు అడుగులు, సిమెంటు 170 మూటలు, కంకర, ఇసుక, కూలి అన్నీ కలిపి 1.7. మొత్తం 13.6 లక్షలు. 6.3 కాదు.

ఎత్తు లేపడంలో మాత్రం తగ్గించొద్దు. 2021 నవంబరు వానల్లో స్వర్ణముఖి పొంగి, తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట కారినప్పుడు నీళ్లు ఎంత దూరం వచ్చాయో అందరికీ తెలుసు. ఫ్లోరు కింద 250 మైక్రాన్ల పాలిథీన్ పరచండి. లేకపోతే నేల చెమ్మ అడుగు వరస మూటల్లోకి ఎక్కుతుంది. కాయల్లో తేమ 8 శాతం లోపు ఉంచితేనే బూజు పట్టదు, బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం.

కుప్పం_గట్టు:
చలికాలం పొద్దున రేకు కింద మంచు చుక్కలు పడతాయి. రిడ్జి (రెండు వాలులు కలిసే పై అంచు) దగ్గర గాలి పోయే సందు, పక్కన గోడ మీద జాలీ తప్పనిసరి. యూరియా మూటలు లోపల పెట్టొద్దు, రేకుని, స్క్రూలని తినేస్తుంది.

గోడౌన్_నాగలాపురం:
13.6 లక్షలు పెట్టి సొంత మూటలు దాచుకోవడానికేనా? నేను మొదటి నుంచి చెప్పేది అదే. 3,200 అడుగులు వేయండి, సగం చుట్టుపక్కల రైతులకి, చింతపండు వ్యాపారులకి బాడుగకివ్వండి. కేంద్రం వాళ్ల అగ్రి ఇన్‌ఫ్రా ఫండ్ పథకం కింద 3 శాతం వడ్డీ రాయితీ 7 ఏళ్లు ఉంది. షెడ్డు తన ఖర్చు తానే సంపాదించాలి. సంపాదించని షెడ్డు ఎందుకు?

బేస్‌ప్లేట్:
ఇదీ అసలు సంగతి. మీరు వ్యాపారం కడుతున్నారు, నేను నిలవ కడుతున్నా. ఈ మాట మొదటే చెప్పుంటే గాలి గురించి ఇంత గొడవ పడేవాళ్లం కాదు.

మీ 3,200 అడుగుల షెడ్డుకి 20 లక్షల అప్పు అనుకుందాం, రాయితీ పోను 6 శాతం వడ్డీ, 7 ఏళ్లు. నెలకి 29,200, ఏడాదికి మూడున్నర లక్షలు. శెనక్కాయలు ఇంట్లోకి వచ్చేది నవంబరు, డిసెంబరు. రైతు నిలవ పెట్టేది ఎందుకు? కోత రోజు రేటుకి అమ్మకుండా రెండు మూడు నెలలు ఆగడానికి. బాడుగ రాని నెలలో వాయిదా ఎక్కడిది? ఆ మూటలే అమ్మాలి, కోత రోజు రేటుకే. ఆగడానికి కట్టిన షెడ్డే ఆగనివ్వదు.

గోడౌన్_నాగలాపురం:
బాడుగ ఎందుకు రాదు? కోత కాలంలో జాగా దొరక్క రోడ్డు మీద టార్పాలిన్ కప్పుకునే వాళ్లు ఎంతమంది లేరు!

బేస్‌ప్లేట్:
కోత కాలంలో వస్తుంది. ఏప్రిల్‌లో, మే నెలలో ఎవరిస్తారు? వాయిదా పన్నెండు నెలలూ ఉంటుంది.

మామిడితోపు:
ఇద్దరికీ మధ్యన ఒక దారి ఉంది. 30 బై 60 వేసి, చివరి ఫ్రేముని సన్న గేబుల్ పోస్టులతో (చివరి గోడని మాత్రమే మోసే స్తంభాలు) కాకుండా మధ్య ఫ్రేములంత బలంగా చేయించండి. పర్లిన్లకి ముందుకి అతికే రంధ్రాలు పెట్టించండి. రేపు ఆ గోడ రేకు విప్పి ఇంకో రెండు బేలు (ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య జాగాలు) కలపొచ్చు. ఇప్పుడు అదనంగా అయ్యేది 300 కిలోల లోపు ఇనుమే. చివరి గోడ వైపు 30 అడుగుల జాగా ఖాళీగా ఉంచుకోండి, బోరు గానీ చెట్టు గానీ పెట్టొద్దు.

పాకాల_శెనక్కాయ:
ఇది బాగుంది అన్నా. 30 బై 60, చివరి ఫ్రేము బలంగా. అప్పు 5 లక్షలకి మించకుండా చూస్తా. ఇంకొక్కటి, షట్టరు తూర్పుకే పెట్టాలంటాడు మా నాయన, వాస్తు అని.

బేస్‌ప్లేట్:
వాయుగుండం గాలి తూర్పు, ఈశాన్యం నుంచే ఎక్కువ కొడుతుంది. షట్టరు ఊడితే లోపలికి దూరిన గాలి పైకప్పుని కింద నుంచి నెడుతుంది, అప్పుడు లాగుడు ఇంకా పెరుగుతుంది. పెద్దాయన మాట కాదనలేకపోతే తూర్పున మనిషి పోయే 4 అడుగుల తలుపు పెట్టండి, 12 అడుగుల షట్టరు దక్షిణానికి పెట్టండి. అదీ కుదరకపోతే తూర్పు షట్టరుకి గాలికి ఊడకుండా పట్టే విండ్ లాకులు, షట్టరు అంచు జారే లోతు గైడ్ చానలు, లోపలి నుంచి మధ్యలో దించే ఇనుప స్తంభం. స్తంభం కూర్చునే గుంత ఫ్లోరు పోసేటప్పుడే వదలాలి, తర్వాత కొట్టలేరు.

గోడౌన్_నాగలాపురం:
షట్టరు 12 చాలదు, 14 పెట్టండి. గడ్డి ట్రాలీ పట్టదు.

బేస్‌ప్లేట్:
14 అడుగుల గోడకి 14 అడుగుల ఎత్తు షట్టరు పెడితే అది చుట్టుకునే డ్రమ్ము ఎక్కడ కూర్చుంటుంది? వెడల్పు 14 పెట్టుకోండి, ఎత్తు 12 దాటొద్దు.